డబుల్ క్యాబిన్ పికప్: కొనే ముందు, కొన్నాక తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు రాష్ట్రాల్లో సొంతానికి పికప్ కొనాలనుకునేవాళ్లు ముందుగా చూసేవి రెండు. ఒకటి తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, రెండోది 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్. కింది జవాబులు ఎక్కువగా ఈ రెంటి గురించే. బొలెరో పికప్, యోధ లాంటి కిరాయి బళ్లకు కూడా కమాన్ కట్టలు (వెనక ఇరుసు మీదుండే ఉక్కు పట్టీల స్ప్రింగులు), టైర్లు, బరువు లెక్కలు ఇలాగే వర్తిస్తాయి.

కారు బదులు పికప్ కొంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుందా?

ఐదుగురు కూర్చోవచ్చు. అయితే ముందు టేపు పట్టుకుని పార్కింగ్ కొలవండి. ఈ బళ్ల పొడవు సుమారు 5.3 మీటర్లు. అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ గడి చాలాచోట్ల ఐదు మీటర్లే ఉంటుంది. ముక్కు గోడకు ఆనించినా తోక అడుగు మేర బయటే ఉంటుంది, పక్క ఫ్లాటువాళ్లతో రోజూ పేచీ. సెల్లార్ ర్యాంపు ఎత్తు కూడా చూడాలి. బండి 1.85 మీటర్ల దాకా ఉంటుంది, పైన క్యారియర్ బిగిస్తే రెండు దాటుతుంది.

వెనక సీటు వీపు కారులో కన్నా నిటారుగా ఉంటుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా వెనక కూర్చున్న పెద్దవాళ్లకు నడుం పట్టేస్తుంది. షోరూమ్‌లో ముందు సీట్లో మీరొక్కరే కూర్చుని టెస్ట్ డ్రైవ్ చేస్తే ఈ సంగతి తెలియదు. అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టి, గతుకుల రోడ్డు మీద అరగంట తిప్పి చూడండి.

తెల్ల బోర్డా, పసుపు బోర్డా?

వీ-క్రాస్, ఇసుజుదే హై-ల్యాండర్, హైలక్స్ సొంత వాడకానికి తెల్ల బోర్డుతో రిజిస్టర్ అవుతాయి. డీ-మ్యాక్స్‌లోనే సింగిల్ క్యాబిన్, ఎస్-క్యాబ్ రకాలు సరుకు బళ్లు, పసుపు బోర్డు. ఇంటి సామాను, తోటకు కావలసిన మోటారు, పైపులు వేసుకోవడానికి తెల్ల బోర్డు చాలు. పక్క రైతు మామిడి క్రేట్లను డబ్బు తీసుకుని మార్కెట్‌కు తోలితే మాత్రం అది కిరాయి. ఆ ట్రిప్పులో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చడానికి అదొక్కటి చాలు.

రోజూ సరుకు తోలేవాళ్లు మొహమాటపడకుండా పసుపు బోర్డే తీసుకోవాలి. స్థూల బరువు (మనుషులు, సరుకుతో కలిపి బండికి అనుమతించిన గరిష్ఠ బరువు) 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 66 కింద పర్మిట్ అక్కర్లేదు. ఫిట్‌నెస్ మాత్రం తప్పదు: బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. లైసెన్సు విషయంలో బెంగ లేదు. 7,500 కిలోల లోపు బండికి ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సే చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

తొట్టిలో నిజంగా ఎంత బరువు వేయొచ్చు?

చాలామంది అనుకునేదాని కన్నా చాలా తక్కువ. ఆర్సీ తీసి రెండు అంకెలు చూడండి: ఖాళీ బరువు, స్థూల బరువు. స్థూల బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే వచ్చేదే మీ చేతిలో ఉన్న మొత్తం. డ్రైవరు బరువు కూడా ఇందులోంచే పోవాలి, ఎందుకంటే చట్టం ప్రకారం ఖాళీ బరువులో డ్రైవరు లేడు.

ఆ తేడా 500 కిలోలు వచ్చిందనుకోండి. మనిషికి 70 చొప్పున ఐదుగురు ఎక్కితే 350 పోయాయి. మిగిలింది 150, అంటే మూడు సిమెంటు బస్తాలు. పెద్ద బండి కదా, మూడు బస్తాలేనా అని నవ్వొస్తుంది గానీ లెక్క అంతే. డబుల్ క్యాబిన్ రకాల్లో సరుకు మోసే శక్తిని సగానికి పైగా మనుషులే తినేస్తారు. అదే కంపెనీ సింగిల్ క్యాబిన్ బండి దీనికి కొన్ని రెట్లు మోస్తుంది.

కళ్లు మోసం చేసేదీ ఇక్కడే. తొట్టి సుమారు మీటరున్నర పొడవు, మీటరున్నర వెడల్పు, అడుగున్నర లోతు. అంటే దాదాపు ఒక ఘనపు మీటరు. పొట్టు, ఖాళీ క్రేట్లు, కొబ్బరి మట్టలు నింపితే ఏమీ కాదు. అదే తొట్టిని ఇసుకతో అంచుదాకా నింపితే 1,600 కిలోలు, తడి ఇసుకైతే ఇంకా ఎక్కువ. 200 లీటర్ల నీళ్ల డ్రమ్ము ఒక్కటే 200 కిలోలు.

అధిక బరువుకు సెక్షన్ 194 కింద జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. జరిమానా ఒకసారి కట్టి ఊరుకోవచ్చు. వంగిన యాక్సిల్ హౌసింగ్, పగిలిన కమాన్ పట్టీ అలా వదలవు.

బరువు ఎక్కడ పెట్టాలి?

క్యాబిన్ గోడకు ఆనించి, వెనక ఇరుసుకు ముందు. టెయిల్‌గేట్ వైపు పెట్టిన బరువు తక్కెడలా పనిచేసి ముందు చక్రాలను పైకి లేపుతుంది. ఇరుసుకు 1.2 మీటర్ల వెనక 100 కిలోలు పెడితే, 3.1 మీటర్ల వీల్‌బేస్ ఉన్న ఈ బళ్లలో వెనక ఇరుసు మీద సుమారు 139 కిలోల భారం పడుతుంది. ముందు ఇరుసు 39 కిలోలు తేలికపడుతుంది. స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతోందని సంబరపడేలోపే వాన రోడ్డు మీద ముందు చక్రాలు మాట వినడం మానేస్తాయి. పైగా హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి.

కట్టడానికి నైలాన్ తాడు కన్నా ర్యాచెట్ పట్టీలు మేలు. తాడు సాగుతుంది, పది కిలోమీటర్లకే వదులవుతుంది. పట్టీని తొట్టి లోపలి కొక్కేలకే వేయాలి, టెయిల్‌గేట్ గొళ్లేనికి కాదు. బరకం కప్పితే నాలుగు మూలలూ, మధ్యలో ఒక అడ్డ పట్టీ. గాలికి కొట్టుకునే బరకం ఒక్క ప్రయాణంలోనే క్యాబిన్ వెనక పెయింట్‌ను గీకేస్తుంది. పైపులు, కడ్డీలు వెనక్కి చాచి తోలితే బరువు లోపలే ఉన్నా సెక్షన్ 194(1ఎ) కింద మరో 20,000 సిద్ధంగా ఉంటుంది.

ఖాళీగా ఉంటే వెనక ఎందుకంత కుదుపు?

వెనక ఉన్నవి కమాన్ కట్టలు. బరువు పడితేనే వంగేలా చేసినవి. ఖాళీ తొట్టితో అవి దాదాపు బిర్రుగా నిలబడి రోడ్డులోని ప్రతి గుంటనూ లోపలికి పంపిస్తాయి. జబ్బు అనుకుని షాక్ అబ్జార్బర్లు మార్చేముందు ఈ వరసలో చూడండి.

ముందు టైర్ల గాలి. డ్రైవర్ డోరు పక్కన అతికించిన పట్టికలో ఖాళీ బండికి, నిండు బండికి వేర్వేరు అంకెలు ఉంటాయి. పంక్చర్ షాపువాళ్లు పికప్ కనబడగానే నాలుగింటికీ 40 పీఎస్ఐ కొట్టేస్తారు. సగం కుదుపు అక్కడిదే. చల్లటి టైర్లతో, పట్టికలో ఉన్నంతే పెట్టించండి.

తర్వాత షాకిల్ బుష్‌లు, అంటే కమాన్ కట్ట చివర్లలో ఉండే రబ్బరు ముక్కలు. ఎండి పగిలితే కిర్రుకిర్రుమంటాయి. రబ్బరు బుష్‌కు గ్రీజు పూయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. చివరగా 60 నుంచి 80 కిలోల బరువు ఇరుసుకు కాస్త ముందు, కదలకుండా కట్టి చూడండి. తేడా స్టీరింగ్ పట్టగానే తెలుస్తుంది. కట్టకుండా వదిలేసిన ఇసుక బస్తా మాత్రం గట్టి బ్రేకు పడితే క్యాబిన్ అద్దం మీదకే వస్తుంది.

కుదుపు తగ్గుతుందని ఒక పట్టీ తీయించేవాళ్లున్నారు. తీశాక బండి మెత్తగానే పోతుంది, తర్వాత ఒకరోజు నిండు బరువుతో స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు ఇరుసు వెళ్లి బంప్ స్టాప్‌ను (ఛాసిస్ కింది రబ్బరు దిమ్మను) గుద్దుతుంది. కట్ట విప్పితే, దాన్ని ఇరుసుకు బిగించే యూ-బోల్టులు కొత్తవి వేయాలి. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టార్క్ రెంచితో బిగించాలి. ఈ రెండోసారి బిగింపు చాలామంది మర్చిపోతారు. వదులైన యూ-బోల్టు వల్ల సెంటర్ బోల్టు తెగి, ఇరుసు పక్కకు జరుగుతుంది.

వానాకాలం తొలి జల్లుల్లో ఖాళీ పికప్ వెనక భాగం కారు కన్నా తొందరగా జారుతుంది. మలుపు మధ్యలో బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ మెల్లగా.

ఫోర్ వీల్ డ్రైవ్ ఎప్పుడు వేయాలి?

చక్రం కాస్త జారగలిగే నేల మీద మాత్రమే: బురద, ఏటి ఇసుక, కంకర, తడి గడ్డి. ఈ బళ్లలో ఉన్నది పార్ట్ టైమ్ పద్ధతి: మామూలుగా వెనక చక్రాలకే శక్తి (2హెచ్), మారిస్తే నాలుగింటికీ (4హెచ్), లేదా బాగా తక్కువ గేరులో నాలుగింటికీ (4ఎల్). ముందు, వెనక ఇరుసుల వేగం తేడాను సర్దే మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరగాలి. ఎండిన తారు రోడ్డు మీద 4హెచ్ వేస్తే ఆ తేడా పోయే దారి లేక షాఫ్టులు మెలిపడతాయి. స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపులో ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఉంటుంది, 2హెచ్‌కు తిప్పినా దీపం ఆరదు. అప్పుడు మీట మీద బలప్రయోగం వద్దు. నేరుగా పది మీటర్లు రివర్స్ చేస్తే మెలి విడిపోతుంది.

2హెచ్ నుంచి 4హెచ్‌కు బండి నడుస్తుండగానే మారవచ్చు, స్టీరింగ్ నేరుగా ఉండాలి, చక్రాలు గిర్రున తిరుగుతూ ఉండకూడదు. 4ఎల్‌కు బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి మారాలి. 4ఎల్ వేగానికి కాదు. నిలువు గట్టు ఎక్కడానికి, దిగడానికి, ఇరుక్కున్న బండిని లాగడానికి.

నల్లరేగడి సంగతి వేరే చెప్పాలి. తడిసిన రేగడి టైరు గాళ్లలో నిండి, టైరును నున్నటి గుండులా చేస్తుంది. ఎన్ని చక్రాలు తిరిగినా లాభం లేదు. కూరుకుంటోందని అనిపించగానే ఆపండి. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గొయ్యి లోతవుతుంది. చక్రాల వెనక మట్టి తవ్వి, వచ్చిన దారినే వెనక్కి రావడం తేలిక. ఏటి ఇసుకలో అయితే గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గిస్తే టైరు పరుచుకుని తేలుతుంది. గట్టి రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపాలి, కాబట్టి 12 వోల్టుల కంప్రెసర్ లేకుండా గాలి తీయకండి.

నెలకోసారి మట్టి రోడ్డు మీద నాలుగైదు కిలోమీటర్లు 4హెచ్‌లో, వంద మీటర్లు 4ఎల్‌లో నడపండి. ఏడాదంతా వాడకపోతే దాన్ని మార్చే యాక్చువేటర్ (చిన్న మోటారు) పట్టేసి, అవసరమైన రోజునే మొరాయిస్తుంది.

వరద నీళ్లలో వెళ్లొచ్చా?

హైలక్స్‌కు కంపెనీ చెప్పే లోతు 700 మిల్లీమీటర్లు. అది నిలకడ నీళ్లకు, మెల్లగా వెళ్తే. వాగు పారుతుంటే మోకాలి లోతు చాలు బండిని పక్కకు నెట్టడానికి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి బండికి సెల్ఫ్ కొట్టడమే పెద్ద పొరపాటు. సిలిండర్‌లో చేరిన నీరు నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. తాళం చెవి తిప్పకుండా బ్యాటరీ నెగటివ్ తీసి, లాగించుకుపోవాలి. స్టార్ట్ చేసి పాడు చేసుకున్న ఇంజన్‌కు మామూలు బీమా పాలసీ డబ్బివ్వదు. ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉండాలి.

హబ్బులు మునిగేంత నీళ్లు దాటితే ఆ వారంలో ముందు, వెనక డిఫరెన్షియల్ ఆయిల్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ చూపించండి. ప్లగ్ విప్పితే పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే నీరు చేరినట్టే, వెంటనే మార్చాలి. వేడెక్కిన ఇరుసు చల్లనీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ పైపు (ఇరుసులోకి గాలి ఆడే సన్న గొట్టం) మూసుకుపోయి ఉంటే సీళ్ల గుండా నీరు పీల్చుకుంటుంది. బ్రీదర్ శుభ్రంగా ఉందా అని ఏ సర్వీసులోనూ ఎవరూ చూడరు, మీరే అడగాలి. వెనక డ్రమ్ములు విప్పించి మట్టి కడిగించండి.

భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బళ్లకు లోతు కన్నా ఉప్పు ప్రమాదం. వారానికోసారి మంచినీళ్లతో ఛాసిస్ పట్టీల లోపలివైపు కూడా పట్టించి కడగాలి.

డీపీఎఫ్ దీపం వెలిగింది. ఏం చేయాలి?

బీఎస్6 డీజిల్ బండి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ అది. పట్టిన మసిని అప్పుడప్పుడు కాల్చుకోవడానికి దానికి వేడి కావాలి. ఊళ్లో నాలుగు కిలోమీటర్ల తిరుగుళ్లతో ఆ వేడి రాదు. దీపం వెలిగాక, ట్యాంకులో కనీసం పావు వంతు డీజిల్ ఉంచుకుని, హైవే మీద గంటకు 60 పైన 20 నిమిషాలు ఆపకుండా నడపండి. దీపం ఆరేదాకా ఇంజన్ కట్టేయొద్దు. దానితోపాటు ఇంజన్ దీపమూ వెలిగితే ఇక తోలకుండా సర్వీసుకే.

మధ్యలో ఆపేసిన ప్రతిసారీ కాలని డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పై గీత దాటి ఉండి, డీజిల్ వాసన వస్తే సంతోషించాల్సింది లేదు, మార్చేయాలి. పోసే ఆయిల్ డీపీఎఫ్‌కు సరిపడే తక్కువ బూడిద రకం, మాన్యువల్‌లో రాసిన గ్రేడే అయి ఉండాలి. లారీ ఆయిల్ చవక అని పోస్తే దాని బూడిద ఫిల్టర్‌లో మిగిలిపోతుంది, అది కాలదు. డీపీఎఫ్ కోసి పారేయించడం పరిష్కారం కాదు, నేరం.

సర్వీసులో ఎవరూ పట్టించుకోని పనులు ఏవి?

తొట్టి కింద వేలాడే స్టెప్నీ. దాన్ని దించే గొలుసు చక్రం బురదకు తుప్పుపట్టి, పంక్చర్ అయిన అర్ధరాత్రి కదలదు. మూడు నెలలకోసారి పూర్తిగా దించి, గొలుసుకు నూనె వేసి, గాలి చూసి, మళ్లీ ఎక్కించండి.

వెనక ఇరుసుకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టుకు గ్రీజు నిపిల్స్ ఉంటే ప్రతి సర్వీసులో లిథియం ఈపీ2 గ్రీజు, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా. కదిలేటప్పుడు కింద టక్కుమని చప్పుడైతే ముందు యూ-జాయింట్ (ఆ షాఫ్టు కీలు) చూడండి, క్లచ్ కాదు.

డీజిల్ ఫిల్టర్ కింద నీరు వదిలే మర. డ్రమ్ముల్లో తెచ్చిన డీజిల్ వాడేవాళ్లు నెలకోసారి తిప్పి, స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా వదలాలి. నీరు ఇంజెక్టర్ దాకా వెళితే ఖర్చు వేలల్లో ఆగదు. ఎయిర్ ఫిల్టర్ మాత్రం కంపెనీ చెప్పిన దూరం దాకా ఆగకండి. క్వారీల వైపు, మట్టి దారుల్లో తిరిగితే సగం దూరానికే మార్చాలి. కంప్రెసర్ గాలి దగ్గరగా కొడితే కాగితం చిరిగి దుమ్ము నేరుగా టర్బోలోకి పోతుంది.

టైర్లు ఎంత పెద్దవి వేయొచ్చు?

వ్యాసం పెరిగేది 2 శాతం లోపు ఉంటే పెద్దగా ఏమీ మారదు. పాత టైరు 255/60 ఆర్18 అనుకుంటే దాని వ్యాసం 763 మిల్లీమీటర్లు. 265/60 ఆర్18 వేస్తే 775, తేడా 1.6 శాతం. 285/60 ఆర్18 అయితే 799, తేడా 4.7 శాతం: మీటరు 100 చూపితే మీరు నిజానికి 104 పైన వెళ్తున్నట్టు. గేరింగ్ పొడవై పికప్ మందగిస్తుంది, బ్రేకు మీద పని పెరుగుతుంది, పూర్తిగా తిప్పితే మడ్‌గార్డ్ లోపల రాసుకుంటుంది, స్టెప్నీ తొట్టి కింద పట్టదు. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును చెప్పే అంకె) పాత టైరు కన్నా తగ్గకూడదు. మడ్ టెర్రెయిన్ టైర్లు తారు రోడ్డు మీద హోరు పెడతాయి, తడి రోడ్డు మీద పట్టు తక్కువ. వారంలో ఆరు రోజులు హైవే మీదుండే బండికి ఆల్ టెర్రెయిన్ రకం చాలు.

రెండంగుళాలు ఎత్తు పెంచితే ఏమవుతుంది?

బాగానే కనిపిస్తుంది. ముందు స్ట్రట్ మీద స్పేసర్ పెట్టి లేపడం చవక పద్ధతి. స్ప్రింగ్ మారదు, పై కంట్రోల్ ఆర్మ్, డ్రైవ్ షాఫ్టు కోణాలు మాత్రం మారతాయి. సీవీ బూట్లు (డ్రైవ్ షాఫ్టు కీళ్ల రబ్బరు తొడుగులు) తొందరగా చిరుగుతాయి, బాల్ జాయింట్ చివరి అంచుదాకా సాగుతుంది. చేయించాలనే ఉంటే స్ప్రింగులు, షాక్‌లు కలిపి వచ్చే కిట్ వేయించి, అదే రోజు అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించండి. వెనక లేపాక గంటకు 30, 40 మధ్య వణుకు వస్తే ప్రొపెల్లర్ షాఫ్టు మధ్య బేరింగ్ కోణం మారిందన్నమాట, దాన్ని స్పేసర్‌తో దించాలి.

వీటిలో చట్టం ఏవి ఒప్పుకుంటుంది?

సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన మూల స్వరూపానికి భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. సెక్షన్ 182ఎ(4) కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఇనుప బార్ బండిని కాపాడుతుందనేది భ్రమ. గుద్దిన దెబ్బను ముందు భాగం నలిగి మింగేయకుండా నేరుగా ఛాసిస్‌కు పంపుతుంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ సమయాన్నీ తప్పిస్తుంది. పైకప్పు మీద సెర్చ్ లైట్ల వరసకూ ముందస్తు అనుమతి కావాలి. రంగు మార్పు ఆర్సీలో రాయించుకుంటే ఇబ్బంది లేదు. తొట్టి లైనర్, మూత, సీటు కవర్ల జోలికి ఎవరూ రారు.

ప్రతి అలంకారాన్నీ పైన చెప్పిన 500 కిలోల లెక్కలో కలపడం మరిచిపోవద్దు. ఇనుప బంపర్, విన్చ్ (ఇరుక్కున్న బండిని లాగే యంత్రం), క్యానపీ (తొట్టి మీది గూడు), పైన టెంట్ నాలుగూ కలిస్తే 200 కిలోలు సులువుగా దాటుతాయి. ఐదుగురు ఎక్కితే మిగిలేది 150 అని చూశాం కదా, అంటే టిఫిన్ క్యారియర్ కూడా పెట్టకుండానే బండి అధిక బరువుతో ఉంటుంది.

ఎల్ఈడీ లైట్లకు వైరింగ్ ఎలా?

120 వాట్ల లైటు 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు లాగుతుంది. హెడ్‌లైట్ తీగ కోసి కలపకండి. బ్యాటరీ నుంచి విడిగా 2.5 చదరపు మి.మీ. రాగి తీగ, బ్యాటరీకి జానెడు దూరం లోపే 15 ఆంపియర్ల ఫ్యూజు, 30 ఆంపియర్ల రిలే. ఫ్యూజు లైటు దగ్గర పెడితే మధ్యలో తీగ రాసుకుని మంట లేచినప్పుడు అది పనికిరాదు. బిగించిన సామాన్ల బిల్లులు దాచి, రెన్యువల్‌లో పాలసీలో రాయించండి. రాయించనిదానికి క్లెయిమ్ రాదు.

ఈసీయూ రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి శక్తి పెంచడం)?

వారంటీలో ఉన్న బండికి వద్దు. అదనపు టార్క్‌కు ముందు క్లచ్, తర్వాత డీపీఎఫ్ మూల్యం చెల్లిస్తాయి.

పెళ్లికి వెనక తొట్టిలో పది మందిని ఎక్కించుకోవచ్చా?

వద్దు. తొట్టిలో సీటు బెల్టు లేదు, బీమా లేదు.

పాత పికప్ కొనేటప్పుడు ఏం చూడాలి?

మొదట ఆర్సీలో బండి రకం, తర్వాత మిగతావి. తొట్టి లైనర్ ఎత్తించి కింది రేకు చూడండి. అలలు తిరిగి ఉంటే ఇసుక, రాయి తోలినట్టు. బండిని చదునైన చోట నిలిపి వెనక ఎడమ, కుడి వీల్ ఆర్చ్‌ల ఎత్తు కొలవండి, తేడా ఉంటే కమాన్ కుంగినట్టు. ఛాసిస్ మీద కొత్త నల్ల రంగు ఒకేచోట ఉంటే స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమనాలి, డొల్ల చప్పుడు రాకూడదు. మట్టిలో 4హెచ్, 4ఎల్ రెండూ వేయించి, ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో కిందికి దిగి చూడండి, డ్యాష్‌బోర్డు దీపాన్ని నమ్మకండి. పొగగొట్టం లోపల వేలు పెట్టండి. బీఎస్6 బండిలో వేలికి నల్లటి మసి దట్టంగా అంటితే లోపల డీపీఎఫ్ లేనట్టే, బేరం అక్కడితో ఆపేయొచ్చు.